ఇల్లు అద్దెకివ్వబడును



మన సంఘములలో ఇప్పుడు సొంత ఇండ్లు కట్టుకొన్నవారు చాలామంది ఉన్నారు. క్రింద తాము కాపురముండి, పైన ఒక హాలు, వంటగది, రెండు పడకగదులు వేసి అద్దెకిచ్చేవారు కొందరు. ఇంకా ఇల్లు కట్టుకోలేక, బదిలీల మీద ఊరూరు తిరుగుతూ అద్దె ఇండ్లలో ఉన్నవారు మరికొందరు. కాబట్టి నేను వ్రాయదలచిన సంగతి ఇంచుమించు మన ప్రతి ఇంటికీ సంబంధించినదే. ఇల్లు చూడడానికి వచ్చిన మనిషిని యజమాని ఏమేమి అడగవచ్చును? అడగరానిది అడిగినప్పుడు వచ్చినవాడు నిజమే చెప్పి తీరవలెనా? ఈ ప్రశ్నలకు నేను రెండు వైపులా నిలబడినవాడను. రెండు వైపులా తప్పిపోయినవాడను కూడా. అందుకే వ్రాసే ధైర్యము చేస్తున్నాను.

మా నాన్నగారు కోలారు బంగారు గనులలో పనిచేశారు. మేము పెరిగినది కంపెనీ లైన్లలో. ఒకే గోడకు ఆనుకొని వరుసగా ఉండే చిన్న ఇండ్లు. ఒక ఇంట్లో దగ్గితే పక్క ఇంట్లో వినబడేది. లైన్లలో కులభేదములు లేవని నేను చెప్పను. అయితే ఇల్లు మాత్రము పనిని బట్టి వచ్చేది. గడప దగ్గర నిలబడి, లోపలివారు మనలను పైనుండి క్రిందికి చూస్తూ ఉండగా జవాబు చెప్పుకోవడము ఎట్లుంటుందో మా నాన్నగారికి తెలియదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మావారిలో అనేకులకు అది తెలిసివచ్చింది. నాకు అంతకంటె ముందే తెలిసింది.

1988లో రైల్వే ఉద్యోగము మీద నన్ను అరక్కోణమునకు బదిలీ చేశారు. క్వార్టర్సు ఖాళీ లేదు. పక్కనే తిరుత్తణిలో అద్దెలు తక్కువ అని విని అక్కడికి వెళ్లాము. ఆ ఊరు 1960 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉండి, సరిహద్దుల మార్పులో మద్రాసు రాష్ట్రములో కలిసినది. వీధిలో తెలుగు వినబడుతుంది. మన భాషవారే కదా, ఇల్లు సులభముగా దొరుకుతుందనుకొన్నాము. మొదటి ఇంటివారు మా తెలుగు విని సంతోషించి మంచినీళ్లు కూడా ఇచ్చారు. తరువాత, "ఇంతకీ మీరెవరు?" అన్నారు. నేను పేరు చెప్పాను. నా పేరు చెప్పితే ఇంక వేరే చెప్పనక్కరలేదు. "అయ్యో, నిన్ననే మా చెల్లెలి కొడుక్కి మాట ఇచ్చేశామండి" అన్నారు. రెండవ ఇంట్లోను అంతే. మూడవ ఇంట్లో మేనల్లునికి బదులు స్నేహితుడు వచ్చాడు, అంతే తేడా.

ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన నవ్వి, "నీవు మరీ అమాయకుడివయ్యా. పేరు మార్చి చెప్పు. అమ్మగారిని ఆ ఒక్క రోజు బొట్టు పెట్టుకోమను" అన్నాడు. చంటిబిడ్డతో లాడ్జిలో ఎన్నాళ్లుంటాము? నాలుగవ ఇంట్లో నేను వేరే పేరు చెప్పాను. వారు అడిగినదానికి ఒక పెద్ద కులము పేరు కూడా చెప్పాను. నెలకు 350 రూపాయల అద్దె, పది నెలల అద్దె అడ్వాన్సు. తాళముచెవి చేతికి వచ్చింది.

ఆ ఒక్క రోజు నాలుగు సంవత్సరములైనది. నా భార్య రోజూ బొట్టు పెట్టుకొని బయటికి వెళ్లేది, లోపలికి వచ్చి తుడుచుకొనేది. ప్రార్థన కిటికీలు మూసి, గొంతు తగ్గించి చేసుకొనేవారము. ఆదివారము అరక్కోణములో ఆరాధనకు వెళ్తూ, బంధువుల ఇంటికి అని చెప్పేవారము. మా అమ్మాయికి అయిదేండ్లు వచ్చాయి. ఒక సోమవారము ఇంటివారి తల్లిగారు ముద్దుగా దగ్గరికి తీసుకొని, "ప్రతి ఆదివారము ఎక్కడికే పోతారు మీరు?" అని అడిగారట. ఆ బిడ్డ, "చెప్పకూడదన్నాడు నాన్న" అన్నదట.

మరునాడు ఇంటాయన నన్ను పిలిచారు. ఆయన కేకలు వేయలేదు. "మీరు నిజము చెప్పివుంటే ఇల్లు ఇచ్చేవాడిని కాదు, అది వేరే సంగతి. నాలుగేండ్లు నా కండ్ల ఎదుట అబద్ధము ఆడినారు" అని, అడ్వాన్సు 3,500 రూపాయలు ఒక్క రూపాయి కూడా కోయకుండా లెక్కపెట్టి ఇచ్చి, నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. ఆ రోజు నేను తలవంచుకొని నిలబడ్డాను. అన్యాయపు ప్రశ్న అడిగినది ఆయన. సిగ్గుపడినది నేను. సొమ్ము విషయములో ఆయన నీతిమంతుడు, మనిషి విషయములో కాడు. నేను మనిషి విషయములో ఏ తప్పు చేయలేదు, మాట విషయములో చేశాను. ఎవరి తప్పు పెద్దది అని ఆ తరువాత చాలా సంవత్సరములు ఆలోచించాను.

ఇటువంటి ప్రశ్న మీద 1797లో ఇద్దరు పెద్దవారు వాదించుకొన్నారు. ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ వాదన ఇది: నిజము చెప్పుట మన విధియే, అయితే ఆ నిజమును తెలుసుకొనే హక్కు ఉన్నవానికి మాత్రమే. హంతకుడు తలుపు తట్టి, నీ స్నేహితుడు నీ ఇంట్లో దాగియున్నాడా అని అడిగితే, వానికి ఆ హక్కు లేదు. జర్మను తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ దీనిని ఒప్పుకోలేదు. నిజము చెప్పుట అడిగినవానికి మనము చేసే ఉపకారము కాదు, మనుష్యులందరి మధ్య మాట మీద నమ్మకము నిలబెట్టే పునాది, దానిని ఎవరి కోసమూ కదల్చరాదు అని ఆయన వాదన.

1988లో వీరి పేర్లు నాకు తెలియవు. తెలిసివుంటే కాన్‌స్టాంట్ పక్షమున చేరేవాడిని. నా కులము, నా మతము తెలుసుకొనే హక్కు ఇంటాయనకు లేదు. అద్దె సకాలములో కట్టేవాడినా కాదా, ఇల్లు శుభ్రముగా పెట్టుకొనేవాడినా కాదా అన్నదే ఆయనకు కావలసినది. ఇప్పటికీ నేను ఆ మాట మీదనే ఉన్నాను. అయితే కాన్‌స్టాంట్ లెక్కలో రాని ఒకటి ఉన్నది. నేను ఇంటాయనకు చెప్పిన అబద్ధము ఇంటాయన దగ్గర ఆగలేదు. ఆయనకు దానివలన పోయినదేమీ లేదు, అద్దె నెలనెలా ముట్టింది. పోయినది నా ఇంట్లోనే. నా భార్య ముఖము మీద, మా కిటికీల మీద, చివరికి అయిదేండ్ల బిడ్డ నోటిలో ఆ అబద్ధము కాపురము పెట్టింది. మనము ఎవరమో అది చెప్పుకోకూడని సంగతి అని ఆ బిడ్డ నా దగ్గర నేర్చుకొన్నది.

అబ్రాము పరదేశిగా ఐగుప్తునకు వెళ్లినప్పుడు ప్రాణభయముచేత భార్యను సహోదరి అని చెప్పించిన సంగతి మనకు తెలిసినదే. ఆ భయము అబద్ధము కాదు. పరాయి ఊరిలో గూడు వెదకుకొన్న ప్రతివానికి అది తెలుసు. అయినను ఆ మాటకు వెల చెల్లించవలసి వచ్చినది ముందుగా శారాయి. అబద్ధమునకు కారణము ఎంత బలమైనదైనా, దాని భారము ఇంట్లో బలహీనుల మీదనే పడుతుంది.

కాబట్టి అద్దెకు వెళ్లే మన యౌవనస్థులకు నేను చెప్పేది ఇంతే. అడగరాని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడము అబద్ధము కాదు. "అద్దె గురించి, ఉద్యోగము గురించి అడగండి, చెప్తాను" అని మర్యాదగా చెప్పి ఊరుకోవచ్చును. దానివలన ఇల్లు దొరకకపోవచ్చును, అది నాకు తెలుసు. గత్యంతరము లేక పేరు దాచినవానిని నేను తీర్పు తీర్చను. ఆ పాపములో పెద్ద పాలు అడిగినవానిదే.

ఇక రెండవ భాగము. ఇది చెప్పుకోవడము నాకు ఇంకా కష్టము.

రిటైరైన తరువాత నేను అదే ఊరిలో ఇల్లు కట్టుకొన్నాను. మేడ మీద రెండు పడకగదుల పోర్షన్. గత సంవత్సరము అది ఖాళీ అయితే గేటుకు బోర్డు తగిలించాను. అద్దె 7,500, అడ్వాన్సు మూడు నెలలు. తమిళనాడులో 2017లో చేయబడి 2019లో అమలులోకి వచ్చిన అద్దె చట్టము ప్రకారము, వేరే ఒప్పందము లేనప్పుడు మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండవలెను. చట్టము ప్రకారము నడుచుకొంటున్నానని నాకు కొంచెము గర్వముగానే ఉండేది.

ఒక సాయంత్రము ఒక యౌవనస్థుడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగము. మంచి తెలుగు, మా నాన్నగారు మాట్లాడినటువంటి తెలుగు. పైన ఇల్లు చూశారు, నచ్చింది. అప్పుడు నేను మాటవరుసకు అడిగినట్లు, "అమ్మగారు ఏమి చేస్తారు?" అన్నాను. అతడు ఏమాత్రము తడుముకోకుండా, "మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పనండి. వచ్చే ఏడు రిటైరవుతుంది" అన్నాడు.

తమిళనాట ఆ పనిలో ఉన్న తెలుగువారు ఎవరో నాకు తెలియనిది కాదు. మా తాతగారి పాలెము నుండి ఒకరు గనులకు పోయారు, ఒకరు చీపురు పట్టుకొన్నారు, అంతే. ఆ క్షణమున నా మనస్సులోనికి వచ్చినది మాత్రము ఎదురింటివారు, పక్కింటివారు. వాళ్లేమంటారు? మా కాపురము ఇక్కడ నిలబడడానికే ఇరవై ఏండ్లు పట్టింది. నా నోరు తెరుచుకొని, "అయ్యో, నిన్ననే మా బంధువులకు మాట ఇచ్చేశాము బాబూ" అన్నది.

ఆ తల్లి ఏమీ అనలేదు. చెప్పులు వేసుకొని మెట్లు దిగింది. ఆమెకు ఆ మాట కొత్త కాదు.

సెలవులకు వచ్చిన మా అమ్మాయి హాలులో కూర్చొని ఉన్నది. ఆనాడు అయిదేండ్ల బిడ్డ, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. "ఎవరికి మాటిచ్చారు నాన్నా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

సహోదరులారా, ఆ రాత్రి నేను రెండు అబద్ధములను పక్కపక్కన పెట్టి చూసుకొన్నాను. 1988లో నేను లోపలికి పోవడానికి అబద్ధము ఆడినాను. ఇప్పుడు ఒకరిని బయట పెట్టడానికి ఆడినాను. మొదటిదానికి నాకు చంటిబిడ్డ, లాడ్జి గది, మూడు మూసిన తలుపులు సాకుగా ఉన్నవి. రెండవదానికి ఏమి సాకు? నిజము చెప్పివుంటే నాకు పోయేది ఏమీ లేదు, ఒక్క పరువు తప్ప. కాంట్ నన్ను రెండుసార్లు తప్పుపడతాడు. కాన్‌స్టాంట్ మొదటిసారి క్షమిస్తాడు. రెండవసారి ఇద్దరిలో ఎవరూ క్షమించరు.

మరొకటి కూడా తెలిసింది. నేను అబద్ధము ఎందుకు ఆడినాను? అసలు కారణమును ఆ తల్లి ముఖము చూసి చెప్పలేను గనుక. చెప్పలేకపోవడమే ఆ కారణము ఎటువంటిదో నాకు తెలుసుననడానికి సాక్ష్యము. అద్దె బాకీ పెడతారనో, పదిమంది ఉంటారనో అనుమానమైతే ముఖము మీదనే చెప్పగలము. అయితే కొందరు, మీ కులమువారికి ఇవ్వమని బాహాటముగానే చెప్తారు కదా, వారు మనకంటె మేలా? వారు అబద్ధికులు కారు, అంతవరకే. నిజము చెప్పినంత మాత్రాన అన్యాయము న్యాయము కాదు.

మనవారిలో కొందరు చెప్పే మూడు మాటలను ఇక్కడ విచారించడము మంచిది.

మొదటిది, "నా ఇల్లు, నా ఇష్టము." ఇల్లు నీదే. నీ వంటగదిలో, నీ పడకగదిలో ఎవరుండవలెనో నీ ఇష్టమే. అయితే వేరే మెట్లు, వేరే మీటరు పెట్టి, గేటుకు బోర్డు తగిలించినప్పుడు నీవు వీధిలో పోయేవారందరినీ పిలిచావు. బోర్డు మీద వ్రాసినది కూడా మాటయే. అందరినీ పిలిచి, వచ్చినవాని పుట్టుక చూసి పంపివేయడము ఇష్టము కాదు, మాట తప్పడము.

రెండవది, "మా సంఘస్థులకే ఇస్తాము, అది ప్రేమ కదా?" సంఘములో ఒక విధవరాలికి ఇల్లు కావలసివస్తే బోర్డు పెట్టకుండానే పిలిచి ఇవ్వండి, అద్దె తగ్గించి ఇవ్వండి. అది ప్రేమయే. మనవారికి చేయి అందించుట ఒకటి, పరులకు తలుపు మూయుట మరొకటి. మనకు తలుపులు మూసినవారు కూడా తమవారి మీద ప్రేమతోనే మూశామన్నారు. నాకు చెప్పిన ఆ చెల్లెలి కొడుకు కథలో ఉన్నది ఆ ప్రేమయే.

మూడవది, "ఇరుగుపొరుగుతో గొడవ ఎందుకు?" ఇది తేలికగా తీసివేయదగిన మాట కాదు. ఆ మాట చెప్పేవారికి నిజముగానే భయమున్నది. అయితే ప్రతివాడును తన ఎదురింటివాని మీద నెపము వేస్తే, ఆ ఎదురింటివాడు ఎవరు? వానికి ఎదురిల్లు మనదే. వీధి అంతటిలో తప్పు చేసినవాడు ఒక్కడూ కనబడడు, ఇల్లు మాత్రము దొరకదు.

చట్టమేమి చెప్తున్నది అని అడగవచ్చును. రాజ్యాంగము 15వ అధికరణము దుకాణములు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల విషయములో కులమతముల మీద అడ్డుపెట్టరాదన్నది. అద్దె ఇంటి పేరు ఆ వరుసలో లేదు. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసింది. దాని క్రింద వచ్చిన 1955 నాటి చట్టము, అస్పృశ్యత కారణముగా ఒకనిని ఏ ప్రాంతములోనైనా ఇంట్లో నివసించకుండా అడ్డగించుట నేరమన్నది. కాని "మా బంధువులకు మాట ఇచ్చాము" అన్నవాని మనస్సులో ఏమున్నదో ఏ కోర్టు రుజువు చేయగలదు? 2005లో అహమ్మదాబాదు పార్సీల గృహనిర్మాణ సంఘము కేసులో, సంఘము తన సభ్యత్వమును పార్సీలకే పరిమితము చేసుకొనే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2015లో ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరములలో అద్దె ఇండ్ల మీద చేసిన పరిశీలన ప్రచురించారు. ఒకే రకమైన ఇల్లు, ఒకే రకమైన అద్దె అడిగినా, దళితుల పేర్లు, ముస్లిముల పేర్లు చెప్పినవారికి ఎక్కువగా తలుపులు మూసుకొన్నవని వారు చూపించారు. కాబట్టి చట్టము చేతికి అందని చోట మిగిలినది మనస్సాక్షియే. చట్టము అడగనంత మాత్రాన మనస్సాక్షి అడగదని కాదు.

అయితే యజమాని ఏమీ అడగకూడదా? అడగవలెను. ఉద్యోగమేమిటి, ఎంతమంది ఉంటారు, అద్దె ఏ తేదీన ఇస్తారు, ఎన్నాళ్లు ఉండదలచారు. గుర్తింపు కార్డు నకలు తీసుకోవలెను. ఇవన్నీ మనిషి ఇంట్లో ఏమి చేస్తాడన్న దాని గురించిన ప్రశ్నలు. ఎక్కడ పుట్టాడు, ఎవరికి మ్రొక్కుతాడు అన్నవి కావు. "మాంసము తింటారా" అన్నది ఈ రెండింటి మధ్య నిలబడే ప్రశ్న. ఒకే వంటగది, ఒకే వరండా అయితే దానిలో కొంత న్యాయమున్నది. వేరే పోర్షన్‌కు అడిగితే అది చాలాసార్లు కులము అడగడానికి వేసుకొన్న ముసుగు. ప్రశ్నలు సరిగా అడిగినవాడు లెక్క కూడా సరిగా ఇవ్వవలెను. అడ్వాన్సు మనది కాదు, మన దగ్గర ఉంచబడినది. మామూలు వాడకములో మాసిన గోడకు సున్నము వేయించి ఆ ఖర్చు అద్దెవాని మీద కోయుట, కులము అడగకుండా ఇల్లు ఇచ్చినవానికి కూడా తగదు.

మరునాడు నేను ఆ యౌవనస్థుని ఆసుపత్రిలో వెదకి, వారి ఇంటికి వెళ్లాను. జరిగినది జరిగినట్లు చెప్పాను. బంధువులు ఎవరూ లేరని, నేను అబద్ధము ఆడినానని, ఇల్లు మీదేనని చెప్పాను. ఆ తల్లి స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. "నిన్న సాయంత్రమే వేరే ఇంటికి అడ్వాన్సు కట్టేశామయ్యా. ఒక్క గదే, అయినా వాళ్లు ఏమీ అడగలేదు" అన్నది. అడ్వాన్సు నేను భరిస్తాను రండి అన్నాను. ఆమె తల అడ్డముగా ఊపింది. కోపము లేదు. కోపము ఉంటే నాకు కొంచెము తేలికగా ఉండేది.

రోములో పౌలు అద్దె ఇంట్లో రెండు సంవత్సరములుండి, తన దగ్గరికి వచ్చినవారినందరిని చేర్చుకొన్నాడని చదువుతాము. ఆయనకు సొంత ఇల్లు లేదు, వచ్చినవారిని అడిగే ప్రశ్న కూడా లేదు. సొంత ఇండ్లు కట్టుకొన్న మనకు ఆ ప్రశ్న ఎక్కడినుండి వచ్చింది? మన తాతలను ఊరి బయట ఉంచినవారి దగ్గర నేర్చుకొన్నాము. ఇల్లు కట్టుకొన్న రోజున దానిని కూడా వెంట తెచ్చుకొన్నాము.

ఇప్పుడు మా మేడ మీద వేరొక కుటుంబము ఉన్నది. వారెవరో నాకు తెలియదు. పై నాలుగు ప్రశ్నలు మాత్రమే అడిగాను. మంచివారే, నీళ్ల మోటారు ఆపడము అప్పుడప్పుడు మరచిపోతారు. ఈ సారి మన కూడికలలో ఇండ్లు ఉన్నవారము ఒక గంట కూర్చొని, అద్దెకు వచ్చినవారిని మనము ఏమి అడుగుతున్నామో ఒకరికొకరము దాచకుండా చెప్పుకొంటే మేలు. మొదట నేను చెప్పుకొంటాను.